కంటికి పూసుకునేదేమిటో తెలుసుకునే హక్కు

(మోత్కూర్ మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలి గురించి, హింస గురించి మాట్లాడుకునే వేదిక మీద మస్కారా సంగతేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ కనురెప్పల నలుపు ఇవాళ కూలి సమస్య కూడా. మన ఊళ్ళ నుంచి హైదరాబాద్ వెళ్ళి బట్టల దుకాణాల్లో, రిసెప్షన్లలో పనిచేసే పిల్లలను మేకప్‌తో రమ్మనే యజమానులున్నారు. ఆ ఖర్చు మాత్రం జీతంలో కలపరు. అందుకే చవక సరుకు వెతుక్కోవాలి.

ఆ పిల్లలు అడిగితే, ఇక్కడి మెడికల్ షాపులోనూ ఫ్యాన్సీ దుకాణాల్లోనూ మూడు వందల లోపు ధరకు దొరికే నాలుగు మస్కారాలు కొన్నాను. ఒక్కొక్కటి వారం రోజులు వాడి చూశాను. ఒకటి మధ్యాహ్నానికల్లా పొడిపొడిగా కళ్ళలో రాలింది. ఒకటి చెమటకు చెంపల మీదికి కారింది. నీటికి చెదరనిది కొబ్బరినూనె రాస్తే తప్ప వదల్లేదు. అన్నిటికంటే చవకైనదే సాయంత్రం దాకా నిలిచి, గోరువెచ్చని నీళ్ళతో శుభ్రంగా పోయింది. ధర చూసి మంచి చెడ్డలు చెప్పలేమని దీన్నిబట్టి తెలుస్తోంది.

మరి దేన్ని చూడాలి? డబ్బా మీది రాతను. నాలుగింటిలో ఒకదాని మీద పేరూ ధరా తప్ప ఏమీ లేదు. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, ఏయే పదార్థాలు కలిపారో ఉండాలి. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదు.

ఈ చట్టాలు ఊరికే రాలేదు. అమెరికాలో 1933లో 'లాష్ లూర్' అనే కనురెప్పల రంగు వల్ల స్త్రీలు చూపు పోగొట్టుకున్నారు. ఆ ఫోటోలను ప్రభుత్వ శాఖే ప్రదర్శనలో పెట్టింది. 1938లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. మన దేశంలో 1940 నాటి ఔషధ చట్టంలోకి సౌందర్య సాధనాలను 1962 సవరణతో చేర్చారు.

ఇంట్లో చేసిన కాటుకైతే భయం లేదనుకుంటాం. ఒకప్పుడు ఆముదాలు పండిన ప్రాంతం మనది. ఆముదం దీపం మసితో చేసిన కాటుకలో సీసం కలపకపోవచ్చు. కానీ వేలితో పెట్టే ఆ మసి పసిపిల్లల కళ్ళకు మంచిది కాదు. కొన్ని సుర్మాల్లో సీసపు ఖనిజమే ఉంటుంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. గర్భిణి నుంచి కడుపులోని బిడ్డకూ చేరుతుంది. మస్కారా కూడా ఒకరిది ఒకరు వాడకూడదు. ఎండిపోతే నీళ్ళు, ఉమ్మి కలపకూడదు. తెరిచాక మూడు నెలలకు పారేయాలి.

1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగితే మహిళా సంఘాలు వీధుల్లోకొచ్చాయి. 2025 మే నెలలో అవే పోటీలు హైదరాబాద్‌కు వచ్చాయి. పోటీదారులను మన యాదాద్రి భువనగిరి జిల్లాలోని పోచంపల్లికీ తీసుకొచ్చారు. అందాన్ని సరుకుగా మార్చడాన్ని విమర్శిద్దాం. అయితే ఆ సరుకు కొనక తప్పని పిల్లను ఎగతాళి చేయవద్దు. పెట్టుకోవాలో వద్దో నిర్ణయించుకోవాల్సింది ఆమే.

మనం చేయగలిగిన పనులున్నాయి. కొన్న ప్రతిదానికీ బిల్లు అడుగుదాం. అనుమానం ఉంటే, 1940 చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్ళెవరైనా రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. గుర్తింపు ఉన్న వినియోగదారుల సంఘాలకూ ఆ హక్కుంది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. ప్యాకెట్ వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలని 2011 నిబంధనలు అంటున్నాయి. తెలుగు అదనంగా వేయవచ్చు, కానీ వేయాలన్న నిర్బంధం లేదు. తెలుగు తప్పనిసరి చేయాలని మన సంఘాలన్నీ డిమాండ్ చేయాలి. మేకప్ కావాలనే యజమాని దాని ఖర్చు జీతంతోపాటు ఇవ్వాలని కూడా డిమాండ్ చేయాలి. ఈ రెండు తీర్మానాలనూ ఈ సమావేశం ముందు పెడుతున్నాను.