పోతపాలు: పొడియా, ద్రవమా?
(హూడిలో మన కుటుంబముల కూడికయందు చదివిన ప్రసంగపాఠము)



శిశువునకు తల్లిపాలను మించిన ఆహారము లేదు. ఆరు నెలలు నిండువఱకు వేఱొకటి, తుదకు నీరైనను, అక్కఱలేదు. అయినను తల్లి అస్వస్థురాలైనప్పుడో, పాలు చాలనప్పుడో, వైద్యుని సలహాపై పోతపాలు పట్టవలసి వచ్చును. అప్పుడు మమ్ము పలువు రడుగు ప్రశ్న యిది: పొడి మేలా, ద్రవము మేలా?

పోషణలో రెండింటికిని చెప్పదగిన భేదము లేదు. మూసియున్న సీసాలోని ద్రవము క్రిమిరహితము, నీరు కలుపనక్కఱలేదు. కాని వెల హెచ్చు; మన అంగళ్లలో కనబడునది పొడియే. డబ్బా యెంత బిగువుగా మూసియున్నను పొడి క్రిమిరహితము కాదు. క్రోనోబాక్టర్ అను క్రిమి అందుండవచ్చును. నెలలు నిండక పుట్టిన బిడ్డకును, రెండు నెలలలోపు బిడ్డకును అది ప్రాణాపాయకరము. అట్టివారికి ద్రవము దొరకినచో నదియే మేలు.

తక్కినవారికి పొడి చాలును. కలుపు విధము తెలియవలెను. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతి యిది: నీటిని మరుగ కాచి, అరగంటలోపల, వేడి 70 డిగ్రీలకు తగ్గకమునుపే పొడి కలుపవలెను. పిదప సీసాను చన్నీటిలో నుంచి, గోరువెచ్చనైన తరువాత పట్టవలెను. రెండు గంటలలో త్రాగనిది పారబోయవలెను.

ఇక నీటి మాట. 2024 వేసవి యెద్దడిలో ట్యాంకరునీటిని నమ్ముకొన్న యిండ్లు మనలో నెన్నియో కలవు. కాచిన క్రిములు చచ్చును గాని, నీటిలో కరగిన నైట్రేటు పోదు. ఆ నీరు పరీక్షకు నిలిచినదో లేదో విచారింపుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మన యింటి సంగతి. తల్లి ఉద్యోగమునకు పోవును. పాలు కలుపునది అవ్వ. డబ్బాపై సన్నని ఆంగ్లాక్షరముల నామె చదువలేదు. డబ్బా త్వరగా నైపోవునని ఒక చెంచా తగ్గించి నీరు హెచ్చించును. బిడ్డ కడుపు నిండును గాని ఒడలు పెరుగదు. పొడి హెచ్చించినను హానియే. ముందు నీరు కొలిచి, పిదప చెంచాను చదునుచేసి పొడి వేయవలెను. ఇది తెలియకుండుట అవ్వ తప్పు కాదు, చెప్పని మన తప్పు. ఆ కొలతను తెలుగున వ్రాసి పొయ్యి ప్రక్కన అంటింపుడు. కన్నడ లిపియే బాగుగా వచ్చినవారికి కన్నడమున వ్రాయుడు.

1992లో పార్లమెంటు చేసిన చట్టము ఈ పాలకు ప్రకటనలను నిషేధించినది. డబ్బాపై శిశువు బొమ్మయు వేయరాదు. కావున అంగడివాని పొగడ్తను గాక వైద్యుని మాటను వినుడు.

రాబోవు కూడికకు మీ డబ్బాను తెచ్చినచో కొలతచీటి మేమే వ్రాసి యిత్తుము.