పశువైద్యం చదివే పిల్లల గురించి మా మనవి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిపంతుళ్లము. తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మధ్యలో ఉర్దూ దొర్లితే మన్నించగలరు. పైగా మేము డాక్టర్లమూ కాము, సైంటిస్టులమూ కాము. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది.

మా బడిలో చదివిన ఒక పిల్లవాడికి పశువైద్య కళాశాలలో సీటు వచ్చింది. వాళ్ల అబ్బా మేకలు, గొర్రెలు అమ్ముకునే మనిషి. మిఠాయి పంచవలసిన ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. "ఇంత చదివీ జాన్వర్ల డాక్టరేనా?" అని చుట్టాలు దెప్పారట. పిల్లవాడు మా దగ్గరకు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు వాడికి చెప్పిన సంగతులే ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. రక్తం గడ్డకట్టకుండా వాళ్లలో చాలామంది వార్ఫరిన్ అనే మాత్ర వేసుకుంటారు. ఆ మందు పుట్టింది పశువుల కొట్టంలో. 1920 తరువాత కెనడాలోను, అమెరికా ఉత్తర భాగంలోను పశువులు నెత్తురు కారి చచ్చిపోసాగాయి. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు దీని సంగతేమిటో తేల్చుకోవాలనుకున్నాడు. ఆ పశువులు మేసేది స్వీట్ క్లోవర్ అనే గడ్డి. ఒకే వామిలో నుంచి మంచి కాడలు ఏరి ఒక కుందేలుకు పెట్టాడు, బూజు పట్టి చెడిన కాడలు ఏరి ఇంకో కుందేలుకు పెట్టాడు. మొదటిది నిక్షేపంగా ఉంది. రెండవది లోపల రక్తస్రావమై చచ్చింది. చూడండి, ఎంత చిన్న ప్రయోగమో! మా ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. తరువాత 1933లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు మంచు తుఫానులో బయలుదేరి, చచ్చిన పెయ్యను, పాల క్యానులో గడ్డకట్టని నెత్తురును కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుని దగ్గరకు తెచ్చాడు. లింక్‌గారి బృందం ఏళ్ల తరబడి శ్రమపడి చెడిన గడ్డిలోని ఆ పదార్థాన్ని వేరుచేసింది. ఆ కోవలోదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల మందయింది.

మీ జబ్బల మీద బి.సి.జి. మచ్చ ఒకసారి తడిమి చూసుకోండి. అందులో చివరి అక్షరం గెరాన్ అనే ఫ్రెంచి పశువైద్యునిది. ఆయన, డాక్టర్ కాల్మెట్ కలిసి ఆవుల క్షయ క్రిమిని తీసుకుని, ఎద్దు పైత్యరసంలో ఉడికించిన బంగాళాదుంప మీద 1908 నుంచి 1921 వరకు 230 సార్లు తిరగ పెంచారు. అలా దాని విషం విరిచారు. నడుమ మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినా పని ఆపలేదు. 13 ఏళ్లండీ! ఈ అంకె జ్ఞాపకం పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాము.

1996లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం పంచుకున్న ఆస్ట్రేలియావాడు పీటర్ డోహర్టీ చదివింది కూడా పశువైద్యమే. ఉర్దూలో పశువైద్యుని బైతార్ అంటాము. మందుమొక్కల మీద గొప్ప గ్రంథం రాసి 1248లో డమాస్కస్‌లో కన్నుమూసిన ఇబ్న్ అల్ బైతార్ పేరుకు అర్థమే పశువైద్యుని కొడుకు అని. ఆయన ఆ పేరు దాచుకోలేదు. మనకెందుకు నామోషీ?

మనలో పాల వ్యాపారం, మాంసం వ్యాపారం చేసే కుటుంబాలు ఎన్నో. చూడి పశువు నెలలు నిండకుండానే ఈనితే వట్టి చేతులతో మాయ తీసేవాళ్లు, పచ్చిపాలు తాగేవాళ్లు మనకు కొత్త కాదు. బ్రూసెల్లా అనే క్రిమి ఆ దారినే మనిషికి వస్తుంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, కీళ్లు పీకుతాయి, టైఫాయిడ్ అనుకుని మందులు మింగుతారు. ఈ జబ్బు మీద పరిశోధన చేయడానికి, గొర్రెల మంద మధ్య పెరిగిన పిల్లవాడి కంటే తగినవాడు ఎవరు?

చోటు కోసం విదేశాలకే పోనక్కర లేదు. హైదరాబాదులో జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ ఉంది, సి.సి.ఎం.బి. ఉంది, పోషకాహార సంస్థ ఉంది, టీకాలు చేసే కంపెనీలు ఉన్నాయి. జీనోమ్ వ్యాలీలో ఐ.సి.ఎం.ఆర్. వారి ప్రయోగ జంతువుల కేంద్రం 2022లో ప్రారంభమైంది.

నోరులేని జీవాన్ని ప్రయోగానికి వాడటం పాపం కాదా అని ఒక తల్లి మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపిన మనిషి సంగతి మన ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే అక్కడ పశువైద్యుడు ఉండాలి. ఇటువంటి సంస్థల్లో ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘంలో పశువైద్యుడు ఉండి తీరాలని మన దేశపు నిబంధన. ఆ జీవానికి నొప్పి వేస్తున్నదా, మత్తు సరిపోయిందా అన్నది తెలిసినవాడు అతడే. ఈ ప్రయోగం అక్కర లేదు అని చెప్పగలిగినవాడూ అతడే.

ఇప్పుడు అసలు సంగతి. బి.వి.ఎస్సీ. అయిదున్నర సంవత్సరాలు. ఆపైన ఎం.వి.ఎస్సీ. రెండేళ్లు. పిహెచ్.డి.కి తక్కువలో తక్కువ మూడేళ్లు. మొదటి డిగ్రీ చేతికి రాగానే ఇంట్లో చెల్లెలి పెళ్లి, అప్పు, అబ్బా మోకాళ్ల నొప్పి, అన్నీ ఎదురు చూస్తుంటాయి. అది తప్పని మేము అనము, మా ఇంటి కథా అదే. కాని మన సొసైటీ స్కాలర్‌షిప్ కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతోంది. గెరాన్‌గారికి 13 ఏళ్లు పట్టిన పనిలో, మన పిల్లవాడికి అయిదేళ్లు ఇవ్వలేమా? ఆడపిల్లల విషయంలో మరీ తొందర. పట్టా రాకముందే సంబంధాలు చూస్తున్నాము.

పైన చెప్పిన పిల్లవాడు ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. పాథాలజీలో ఎం.వి.ఎస్సీ. చేయాలని వాడి కోరిక. వాళ్ల అబ్బా ఈ సభలోనే, వెనక వరుసలో కూర్చున్నారు. ఏమీ అనలేదు, రానైతే వచ్చారు.

ఎం.వి.ఎస్సీ., పిహెచ్.డి. చదివే పిల్లలకు కూడా స్కాలర్‌షిప్ కొనసాగించాలన్న తీర్మానం ఈ సభలోనే పెట్టించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాము. మొదటి ఏడాదికి మా వంతు చందా కార్యదర్శిగారి చేతికి ఇచ్చేశాము. దరఖాస్తులు నింపడం రానివాళ్లు సాయంత్రం అయిదు దాటాక మా బడికి రావచ్చు. శుక్రవారం మాత్రం వద్దు.

వస్సలాం.