బాలింతకు కల్లు కాదు, తోడు మాట కావాలె
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను కొంచెం ఇబ్బందిగా ఉండే ముచ్చట మాట్లాడుత. మగవాళ్ల తాగుడు గురించి మన సభల్లో చాలాసార్లు అనుకున్నం. కాని బాలింతల తాగుడు గురించి ఎవ్వరం నోరు విప్పలేదు. "మన ఆడోళ్లు తాగరు" అంటరు. తాగరా? కాన్పు అయినంక ఒళ్లు నొప్పులకని, చలి పట్టకుండా అని, పాలు పడాలని చిన్న గ్లాసుల కల్లో, రెండు మూతల బ్రాందో ఇచ్చే ఇండ్లు మన దగ్గర లేవా? ఇచ్చేది పగోళ్లు కాదు. ప్రేమతోనే అత్తమ్మ ఇస్తది, అమ్మమ్మ ఇస్తది. అందుకే దీన్ని తప్పు అనడానికి నోరు రాదు.

అయితే నిజం తెలుసుకోవాలె. తల్లి తాగిన మందు రక్తంలో ఎంత ఉంటదో, చనుబాలల్లో కూడా దాదాపు అంతే ఉంటది. తాగిన అరగంట నుంచి గంట లోపల పాలల్లో ఎక్కువ అయితది. పాలు పిండి పారబోస్తే పోదు. రక్తంలో తగ్గితేనే పాలల్లో తగ్గుతది. ఒక్క పెగ్గుకు కనీసం 2 గంటలు పడుతది. ఇంకో మాట: మందు పాలను పెంచదు. పాలు దిగడానికి ఒంట్లో జరిగే పనిని అది అడ్డుకుంటది, బిడ్డకు అందే పాలు తగ్గుతయి. మత్తులో ఉన్న తల్లి పక్కలో బిడ్డను పండబెట్టుకుంటే ఊపిరాడక ప్రమాదం జరగవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు తాగితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటది. ఇంత తాగితే ఏం కాదు అని చెప్పడానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

కల్లు సంగతి ఇంకా వేరు. గోదావరి అవతల నిజామాబాద్ దిక్కు కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలుపుతరని అందరికీ తెలుసు. 2015లో తెలంగాణలో ఆ కల్తీ మీద దాడులు పెరిగి, అలవాటైన కల్లు ఒక్కసారిగా దొరకక నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంతోమంది వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలతో దవాఖానల పాలైండ్రు. కాబట్టి రోజూ అలవాటున్న అక్క ఎవరైనా ఉంటే, రేపటి నుంచి బంద్ అని ఒట్టు వేయించకండి. డాక్టరుకు చూపించి, మెల్లగా మానిపించాలె.

మరి మనం చేయగలిగింది ఏంది? బాలింత దవాఖానకు పోయి "నేను తాగుత" అని చెప్పదు. సిగ్గు, భయం. కాని ఇంట్లో ఫోన్ ఉంటది. అమెరికాలో 2010లో గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు ఫోన్‌కు ఉచితంగా చిన్న చిన్న సందేశాలు పంపే టెక్స్ట్‌ఫర్‌బేబీ అనే పథకం పెట్టిండ్రు. అక్కడి మాడిగన్ సైనిక వైద్య కేంద్రంలో చేసిన పరిశీలనలో, ఆ సందేశాలు ఎక్కువగా అందుకున్న తల్లులు కాన్పు తర్వాత తాగడం తక్కువని తేలింది. మన దేశంలో 2016 నుంచి కిల్కారీ ఉంది. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి, మొత్తం 72 ఫోన్ మాటలు వస్తయి. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్రకు కూడా వచ్చింది. గర్భం నమోదు చేసేటప్పుడు ఆశా అక్కకు సరైన ఫోన్ నంబరు ఇస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

ఇది ఎట్ల పనిచేస్తది? ఒకనాడు మూడు గంటలు ఉపన్యాసం ఇస్తే ఎవరికీ గుర్తుండదు. వారం వారం ఒక్క మాట చెవిన పడితే అది మనసులో ఉంటది. నేసేటప్పుడు పోగు తెగితే తాను అంతా అయ్యేదాకా ఆగుతమా? అప్పుడే మగ్గం ఆపి ముడి వేస్తం. ఇది కూడా అంతే.

మన మహిళా మండలి తరఫున ఇట్లాంటిది మొదలుపెట్టాలని నా కోరిక. కాని మూడు సంగతులు చూసుకోవాలె. ఒకటి, మన పిల్లలు మరాఠీ బడుల్లో చదివినోళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడుతరు, తెలుగు అక్షరం చదవలేరు. అందుకే రాసి పంపితే మరాఠీలో, మాట పంపితే మన తెలుగులో పంపాలె. రెండు, ఫోన్ చాలా ఇండ్లల్ల భర్త చేతుల ఉంటది. కాబట్టి సందేశంల తాగుడు అనే మాటే రాయొద్దు. "అక్కా, ఈ వారం నిద్ర పట్టిందా? మనసు మంచిగుందా? మంచిగుంటే 1, లేకుంటే 2 పంపు" అంటే చాలు. 2 వచ్చిందంటే మన వాలంటీర్ అక్క ఇంటికి పోయి, బిడ్డను చూసే మిషతోని కూసుండి మాట్లాడాలె. మూడు, ఆ ముచ్చట ఆ గుమ్మం దాటొద్దు. ఒక్క పేరు బయటికి వచ్చినా మళ్లీ ఎవరూ 2 పంపరు.

కాన్పు తర్వాత దుఃఖం, నిద్రలేమి, ఒంటరితనం కూడా మందు దిక్కు నెడుతయి. అట్లాంటప్పుడు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. అలవాటు మానడానికి 14446 ఉంది. రెండూ ఉచితం.

చిన్న మాటకు ఏం బలం ఉంటది అంటరేమో. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత చదువుల్లో సారా మీద చదివిన ఒక పాఠం ఆడవాళ్లను లేపింది. వర్ధినేని రోశమ్మ ముందుండి నడిపిన ఆ ఉద్యమం 1992లో జిల్లా అంతా పాకి, 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం దాకా పోయింది. అప్పుడు పోరాటం దుకాణం మీద. ఇప్పుడు మనది ఎవరి మీదా పోరాటం కాదు. బాలింత మంచం పక్కన కూసుండి అడిగే ఒక మాట.

అత్తమ్మలారా, అమ్మమ్మలారా, ఈసారి కోడలికి, బిడ్డకు గ్లాసు బదులు వేడి నీళ్ల స్నానం, కడుపు నిండ తిండి, రెండు గంటల నిద్ర ఇవ్వండి. ఆ రెండు గంటలు పసిపిల్లను మీరు ఎత్తుకోండి. అదే అసలు మందు.

సెలవు. జై మార్కండేయ.