పాటు వేళ పడవ తియ్యం

కిందటేడు ఇదే సభలో పడవ కొన్నామని చెబితే మీరంతా చప్పట్లు కొట్టారు. ఈ ఏడు ఆ పడవతో మేం చేసిన తప్పు చెప్పడానికి వచ్చాం. చదివేది ఒకరైనా, పదిమందిమీ కూర్చుని రాసుకున్న మాటలివి.

మాది కోరంగి మడ అడవి పక్క ఊరు. 1978లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. చూడ్డానికి వచ్చినవాళ్లను అనుమతి ఉన్న పాయల్లో తిప్పి తేవడం మా పని. బ్యాంకు లింకేజీ అప్పుతో పడవ కొన్నాం. దానికి పాత రెండు స్ట్రోకుల ఇంజను చవగ్గా దొరికిందని సంబరపడ్డాం కూడా.

సంక్రాంతి సెలవుల్లో జనం తండోపతండాలుగా వచ్చారు. నాలుగు రోజులూ పోటు లేదు, పాటు లేదు, పొద్దున్నుంచి చీకటి పడే దాకా ట్రిప్పులే. అయిదో రోజు గుల్లలు ఏరే సంఘం వాళ్లు ఒక తట్ట తెచ్చి మా ముందు దించారు. పీతలు. ఆయిలు వాసన కొడుతున్నాయని కొనేవాడు తిప్పి పంపేశాడట. “మీ కిస్తీ మీరు కట్టుకుంటన్నారు, మా కిస్తీ బురదలో కలిపేత్తన్నారు” అంది వాళ్లలో పెద్దామె. మేమూ తగ్గలేదు. ఏరు మీ ఒక్కరిదా అన్నాం. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మర్నాడు పాటు వేళ వాళ్లే మమ్మల్ని బురదలోకి తీసుకెళ్లారు. పడవ మీద నుంచి రోజూ చూసే పాయే, కానీ మోకాలి లోతు బురదలో నిలబడి చూస్తే వేరుగా ఉంది. మా పడవ లేపిన అలలకి గట్టు కోసుకుపోయి మడ చెట్ల వేళ్లు బయటపడ్డాయి. వాళ్లు చేత్తో తడిమి బుడిత గుల్లలు ఏరుకునే చోట పంకా గీసిన చాళ్లు ఉన్నాయి. నల్లమడ చుట్టూ మేకుల్లా పైకి నిలబడే వేళ్లు మీకు తెలుసు కదా, ఆ చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. వాటి మీద జిడ్డు పొర పట్టింది. జిడ్డు మూసేస్తే చెట్టు ఊపిరాడక చస్తుంది. రొయ్య పిల్ల, పీత పిల్ల పెరిగేది ఆ వేళ్ల మధ్యనే.

ఆ జిడ్డు మాదే. రెండు స్ట్రోకుల ఇంజనుకి పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. మండకుండా మిగిలింది పొగతో పాటు నీళ్లలోకే పోతుంది. పైగా పడవ అడుగున చేరిన నీళ్లని, అందులో కలిసిన ఆయిలుతో సహా, మేమే డబ్బాతో తోడి పాయలో పారబోసేవాళ్లం. ఎవరూ వద్దనలేదు, మాకూ తోచలేదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మన సభలో చాలామందికి గుర్తే. మడ అడ్డం లేకపోతే మన ఊరు మిగిలేది కాదని మా అత్తలు ఇప్పటికీ చెబుతారు. అలాంటి గట్టునే మేం కోసుకుంటున్నాం.

సంఘంలో తీర్మానం రాశాం. పాత ఇంజను అమ్మేసి నాలుగు స్ట్రోకుల ఇంజను తెచ్చాం. దానికి ఇంకొంచెం అప్పయ్యింది. అడుగు నీళ్లు ఇప్పుడు పాయలో పొయ్యం. ఆయిలు తేలితే గుడ్డతో అద్ది, డబ్బాలో పట్టి మెకానిక్కు షాపులో ఇస్తున్నాం. ఇరుకు పాయల్లో, వెనక అల లేవనంత నిదానంగా పోతాం. తాడు చెట్టుకి కట్టం, రేవులో గుంజకే. నీళ్ల సీసాకి పది రూపాయలు ముందే తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిస్తాం. సీసాలు రావడం మొదలయ్యాయి. పడవలో పాటల పెట్టె మాత్రం కుదరదంటే కుర్రాళ్లు మొహం మాడ్చుకుంటారు. నీటికుక్కని చూపించమని అడిగేది కూడా వాళ్లే! ఆ గోలకి ఏ నీటికుక్క బయటికొస్తుంది?

అన్నిటికంటే కష్టమైంది వేళలు మార్చుకోవడం. పాటు వేళ పడవ తియ్యం. పోటు రోజూ ఒకే టైముకి రాదు, దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అందుకని రేవులో పలక పెట్టి, రేపటి వేళలు ఇవాళ సాయంత్రం రాస్తున్నాం. ఆ వేళలు చెప్పేది గుల్లల సంఘం వాళ్లే. తిథి చెబితే చాలు, పోటు ఎప్పుడొస్తుందో లెక్క కట్టేస్తారు.

ఆదాయం తగ్గింది, దాచేదేముంది. రోజుకి ఆరు ట్రిప్పులు వేసేవాళ్లం, ఇప్పుడు మూడు. పోటు చీకటివేళ పడితే ఒక్కటే. మా పదిమందిలో ఇద్దరు ఈ పద్ధతికి ఇప్పటికీ ఒప్పుకోలేదు, సంతకం మాత్రం పెట్టారు. వాళ్ల ఇళ్లలో ఇబ్బంది మాకు తెలుసు. రెండు నెలలు కిస్తీ కట్టడానికి పొదుపులోంచి తీశాం.

అందుకే సమాఖ్యని ఒకటి అడుగుతున్నాం. పడవ అప్పు మాఫీ చెయ్యమనడం లేదు. సెలవుల నెలల్లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ కట్టేలా వాయిదాలు మార్చేందుకు బ్యాంకుతో మాట్లాడండి. సంక్రాంతి ముందు నుంచి రాసిన ట్రిప్పుల పుస్తకం, ఖర్చుల పద్దు తెచ్చాం. గుల్లల సంఘం అక్కలు కూడా వెనక వరసలో కూర్చున్నారు, వాళ్లనీ అడగండి.