నాయనమ్మ లంద కుండ

వార్డెన్ మేడమ్ మైకు పట్టుకుంటే చదువు, క్రమశిక్షణ అంటుందని మీకు తెలుసు. ఈరోజు మాత్రం లంద గురించి చెబుతాను. నవ్వండి, పర్వాలేదు.

మనవైపు కోయ ఇళ్లలో తాటికల్లు, ఇప్పసారా తెలియనివాళ్లు లేరు. లంద అంతగా లేదు. మా నాయనమ్మ చింతూరు దాటాక, సరిహద్దు అవతల కోంట వైపు నుంచి వచ్చిన కోడలు. బియ్యప్పిండి పులియబెట్టి చేసే లంద ఆమెతోనే మా ఇంటికి వచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా హాస్టల్‌కి నన్ను చూడటానికి నడిచి వచ్చింది. దారిలో తాగడానికి సొరబుర్రలో లంద పోసుకుంది. అందులో ఏముందని తోటి పిల్లలు అడిగితే "గంజి" అన్నాను. ఆమె విన్నది. మళ్లీ ఎప్పుడూ ఆ బుర్ర హాస్టల్‌కి తేలేదు.

ఆమె పోయాక మా ఇంట్లో లంద పెట్టినవాళ్లు లేరు. మూడేళ్ల కిందట దసరా సెలవుల్లో నేను మొదలుపెట్టాను. చిన్నప్పుడు చూసింది గుర్తుంది: బియ్యం నానబెట్టి, దంచి, ఆ పిండిని ఆవిరి మీద ఉడికించాలి. మొక్కజొన్న మొలకలు ఎండబెట్టి దంచి అందులో కలపాలి. నీళ్లు పోసి కుండ మూతికి గుడ్డ కట్టాలి. ఇంత తేలికా అనుకున్నాను.

ముసురు పట్టి ఎండ లేదు. మొలకలను పెనం మీద వేయించేశాను. నాలుగు రోజులకి కుండ విప్పితే పుల్లటి జావ, అంతే. రెండోసారి మొలకలు ఎండలోనే ఎండబెట్టాను గానీ, తొందరపడి పొగలు కక్కుతున్న పిండిలో కలిపాను. అదీ పోయింది. కోంట వైపున్న చిన్నమ్మకి ఫోన్ చేస్తే తిట్టింది. "మొలకంటే ప్రాణమున్నది. నిప్పు మీద పెడతావా? చెయ్యి పెడితే ఓర్చుకునేంత చల్లారాకే కలపాలి."

టీచర్ ట్రైనింగ్‌లో నేను చెప్పిన పాఠమే అది! అన్నం నములుతుంటే తియ్యగా అవుతుంది, లాలాజలంలోని అమైలేజ్ పిండిని చక్కెరగా మారుస్తుంది అని పిల్లలకు చెప్పాను. మొలకలోనూ ఆ అమైలేజే ఉంటుంది. ఎక్కువ వేడి తగిలితే చెడిపోతుంది. చక్కెర తయారు కాకపోతే ఈస్ట్‌కి తిండి లేదు, లంద లేదు. బడి మొహం చూడని నాయనమ్మ ఇదంతా అరచేత్తో కొలిచేది.

ఇంకో తప్పు కూడా జరిగింది. నాయనమ్మ కుండని మా వదిన సబ్బుపొడితో తోమేసింది. నాయనమ్మ ఏనాడూ సబ్బు తాకనిచ్చేది కాదు, నీళ్లతో కడిగి ఎండలో బోర్లించేది. కుండ గోడల్లో మిగిలిన పాత పులుపే కొత్త లందకి తోడు. మూడోసారి చిన్నమ్మ కుండలోంచి ఒక గరిటెడు తెచ్చి కలిపాను. మూడో రోజుకి బుడగలొచ్చాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. లంద కూడా మత్తే. సెలవుల తర్వాత ఇంటి నుంచి వచ్చే పిల్లల మొహాల్లో, తాగిన తండ్రి ఎలా ఉన్నాడో నేను చదవగలను. అందుకే లంద హాస్టల్ గడప తొక్కదు, పిల్లలకు చుక్క ఇవ్వను. నాయనమ్మ మొదటి దొప్ప పెద్దలకు పోసేది, పండుగకో పెళ్లికో తప్ప కుండ పెట్టేది కాదు, ఒక్క రూపాయికి అమ్మేది కాదు. ఊళ్లో మత్తు అమ్మకం, వాడకం మీద అదుపు పెట్టే అధికారం గ్రామసభకూ ఉండాలని 1996 పెసా చట్టం చెప్పింది. ఆ సభలో మీరు కూర్చుని మాట్లాడండి. బాటిల్ గురించీ మాట్లాడండి, కుండ గురించీ మాట్లాడండి.

ఇళ్లలో ముసలివాళ్లు ఉన్నవాళ్లు, వంట చేసేటప్పుడు వాళ్ల చేతులు వీడియో తీసుకోండి. మాటల్లో అడిగితే "కొంచెం వెయ్యి" అంటారు. ఆ కొంచెం ఎంతో చేతికే తెలుసు.

మూడో కుండ దగ్గరకి మా మేనత్తని పిలిచాను. దొప్పలో పోశాను. తాగింది, ఏమీ అనలేదు, దొప్ప మళ్లీ చాపింది. అది కూడా తాగి, "మా అమ్మది ఇంకాస్త పుల్లగా ఉండేది" అంది. వచ్చే పండుగకి ఒక రోజు ఎక్కువ ఉంచి చూస్తాను. అత్తకి చూపు తగ్గింది గానీ, నాలుక బాగానే ఉంది.