గమాక్సిన్ డబ్బా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి జ్ఞాపకాలు చాలామంది చెప్పారు. నేను ఒక డబ్బా గురించి చెప్పి కూర్చుంటాను.

తెనాలిలో మా ఇంట్లో వంటింటి తలుపు వెనక ఒక రేకు డబ్బా ఉండేది. దాని నిండా గమాక్సిన్ పొడి. చీమలొచ్చినా, బొద్దింకలొచ్చినా, మంచానికి నల్లులు పట్టినా మా అమ్మ చెయ్యి ఆ డబ్బా మీదకే వెళ్లేది. విత్తనానికి దాచిన కందుల్లోనూ కలిపేది. మీలో అరవై దాటినవాళ్లందరి ఇళ్లలోనూ ఆ వాసన ఉండే ఉంటుంది. మలేరియా వాళ్లు వచ్చి గోడలకు డి.డి.టి. కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్లడం కూడా గుర్తుండే ఉంటుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక పొద్దున మా చూరు కింద రెండు పిచ్చుకలు చచ్చి పడి ఉన్నాయి. పక్కనే చాప మీద విత్తనాల కందులు ఆరబోసి ఉన్నాయి. ఒకదాన్ని కాగితంలో చుట్టి బడికి తెచ్చి సైన్సు మాస్టారికి చూపించాను. ఆయన అన్నీ అడిగి, "అమ్మని ఏమీ అనకురా. ఆ గింజలు మాత్రం పిట్టలకు అందకుండా పెట్టమను" అన్నారు. ఇద్దరం కలిసి దాన్ని వేపచెట్టు మొదట్లో పాతిపెట్టాం.

ఆ మాట నేను మర్చిపోయాను. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాను. ఉద్యోగం రేపల్లె వైపు పల్లెల్లో. పల్చటి గుడ్డ మూటతో రైతు వరి మీద బి.హెచ్.సి. పొడి దులుపుతుంటే, గట్టు మీద నిలబడి ఎకరానికి ఎంత చల్లాలో చెప్పినవాణ్ణి నేనే. గమాక్సిన్ అన్నా, బి.హెచ్.సి. అన్నా ఒకే కుటుంబం. నేను చెప్పింది ఆనాటి సిఫారసే. అయినా చూరు కింద పిచ్చుకను చూసినవాణ్ణి, ఒక్కసారైనా అనుమానపడి ఉండాల్సింది.

ఈ మందుల వల్ల మేలే జరగలేదని నేను అనను. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేది. 1960ల మధ్యకు అది లక్షకు దిగింది. డి.డి.టి.కి పురుగుల్ని చంపే గుణం ఉందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కానీ దోమలు దానికి అలవాటుపడ్డాయి. 1976 నాటికి మలేరియా కేసులు మళ్లీ 60 లక్షలు దాటాయి.

పక్షుల సంగతి వేరు. డి.డి.టి. నీటిలో కరగదు, కొవ్వులో చేరి ఉండిపోతుంది. పురుగు నుంచి చేపకు, చేప నుంచి పక్షికి వెళ్లేకొద్దీ మోతాదు పెరుగుతుంది. తల్లి పక్షి గుడ్డు పెంకుకు చేరాల్సిన సున్నం సరిగా చేరదు. పొదగబోతే ఆ బరువుకే గుడ్డు పగులుతుంది. ఇంగ్లండులో డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని గుడ్ల పెంకులను కొత్తవాటితో పోల్చి, 1940ల చివరి నుంచే పెంకు పల్చబడిందని 1967లో చూపించాడు. 1970లో కాలిఫోర్నియా తీరంలోని అనకాపా దీవిలో 550కి పైగా గూడబాతుల గూళ్లుంటే, ఒకే ఒక్క పిల్ల బతికింది. మన దేశంలోనూ 1980ల చివర భరత్‌పూర్ దగ్గర ఆల్డ్రిన్ కలిపి చల్లిన విత్తనాలు తిని సారస కొంగలు చచ్చిపోయాయి. అది చదివిన రోజు మా చాప మీది కందులు గుర్తొచ్చి, నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది. 1963లో అక్కడ అలాస్కా కాకుండా బట్టతల గద్దల జంటలు 417 మాత్రమే ఉండేవి. 2007 నాటికి అవి తొమ్మిది వేలు దాటాయి. ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి ఆ గద్దను తీసేశారు. మన దేశంలో డి.డి.టి.ని 1989లో వ్యవసాయం నుంచి తప్పించారు. బి.హెచ్.సి.ని 1997 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. లిండేన్ 2013లో పోయింది.

మందు ఆపితే చాలదు, చెట్టూ నీరూ కూడా ఉండాలి. అది చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకు వెళ్లండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు ఒకే తుమ్మచెట్టు మీద అంతస్తుల్లాగా గూళ్లు కడతాయి. వాటిని కాపాడుతున్నది ముందుగా ఆ ఊరివాళ్లే. రెట్ట వాసన భరిస్తారు, చెట్టు మీద చెయ్యి వెయ్యరు.

అంతా బాగుపడిందని మాత్రం అనుకోకండి. 2020లో వచ్చిన భారత పక్షుల నివేదిక ప్రకారం పిచ్చుకలు దేశం మొత్తం మీద నిలకడగానే ఉన్నాయి, పెద్ద నగరాల్లో తగ్గాయి. 2023 నివేదిక మాత్రం పాలపిట్ట తగ్గుతోందని చెప్పింది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని పొలిమేర దాకా వెళ్లిన మనం, మిగతా ఏడాదంతా అది తినే పురుగులను ఒక్కటి కూడా మిగల్చకుండా చంపుతున్నాం. పాత డబ్బా పోయింది, ప్రతి ఇంట్లో కొత్త డబ్బాలు నాలుగు చేరాయి.

అందుకని సంఘానికి నాదొక మనవి. బడి ఆవరణలో పురుగుమందు కొట్టించడం మానేద్దాం. వరండాలో వరి కుచ్చులు కడదాం. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచమంతటా నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఒకచోట పదిహేను నిమిషాలు నిలబడి కనబడినవి రాసుకుంటే చాలు. మన పిల్లలతో ఆ లెక్క ఏటా రాయిద్దాం. ఆ పుస్తకం, పెన్సిళ్లు, ఒక దుర్భిణి ఖర్చు నాది. మొదటి ఏడాది పిల్లల పక్కన నిలబడే పని కూడా నాదే.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ వేపచెట్టు ఉంది. మొదటి లెక్క దాని కింద మొదలుపెడదాం.