బ్యాండు నాయకుల శిక్షణ శిబిరంలో నేను నేర్చుకున్నది

(శతాబ్ది ఉత్సవాల సందర్భంగా మల్కాపురంలో జరిగిన సంఘ సభ్యుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పయి నాలుగేళ్లు షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మన సంఘ బ్యాండులో కుర్రతనం నుండి కార్నెట్టు ఊదుతున్నాను. పద్ధెనిమిదేళ్లుగా నన్ను అందరూ మాస్టరు అని పిలుస్తున్నారు. అయితే ఆ పని నేను ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. అందరికంటె గట్టిగా ఊదేవాణ్ణి గనక నన్ను ముందు నిలబెట్టారు, అంతే. కిందటేడు చెన్నైలో బ్యాండు నడిపేవారికి ఆరు రోజుల శిక్షణ శిబిరం జరిగితే సంఘం నా రాకపోకల ఖర్చు భరించి పంపింది. మీ చందా డబ్బుతో వెళ్లి వచ్చాను కనుక ఏమి నేర్చుకుని వచ్చానో లెక్క అప్పజెప్పడం నా విధి అనుకుని ఈ నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాను.

మల్కాపురం వాళ్లకు బ్యాండు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఒక పక్క నౌకాదళం, ఒక పక్క షిప్‌యార్డు, ఒక పక్క రిఫైనరీ. డిసెంబరు 4న నేవీ డే వచ్చిందంటే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని బీచి రోడ్డుకు పోయి నావికుల బ్యాండు విన్నవాళ్లమే మనమందరం. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షప్పుడూ, 2022 ఫిబ్రవరిలో మిలన్ విన్యాసాలప్పుడూ దేశదేశాల నావికులు అదే రోడ్డు మీద కవాతు చేస్తుంటే చూశాం. అలాంటి వాద్యకారులకు మన నౌకాదళం ముంబయిలో ఐ.ఎన్.ఎస్. కుంజలిలో శిక్షణ ఇస్తుంది. సైన్యపు వారికి మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీ ఉంది. మరి క్రిస్మసు ఊరేగింపుకూ, ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకూ, భూస్థాపనకూ వాయించే మనలాంటి బ్యాండ్ల వాళ్లకు ఎవరు నేర్పుతారు? తండ్రి నుండి కొడుక్కు, పక్కవాడి నుండి పక్కవాడికి వచ్చిందే మన చదువు. అందులో మంచీ వచ్చింది, తప్పూ వచ్చింది.

శిబిరంలో మాకు నేర్పినవారు నౌకాదళంలో బ్యాండు మాస్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మొదటి రోజు నా కార్నెట్టు పెట్టె తెరవనివ్వలేదు. "దాన్ని మూల పెట్టండి. ఈ ఆరు రోజులు మీరు చప్పుడు చేయకూడదు" అన్నారు. ఇరవై మందిమి పెద్దవాళ్లం అద్దాల ముందు నిలబడి గాలిలో చేతులు ఊపడం మొదలుపెట్టాం. నాలుగు దెబ్బల తాళానికి చెయ్యి కిందికి, ఎడమకు, కుడికి, పైకి. మూడు దెబ్బలకు కిందికి, కుడికి, పైకి. చూస్తే ఏముంది, చిన్నపిల్లల ఆట. కాని పది నిమిషాలకే భుజాలు లాగాయి.

నా వంతు రాగానే అలవాటు ప్రకారం కాలు నేలకేసి కొట్టాను. ఆయన ఆపి ఒక కథ చెప్పారు. ఫ్రాన్సు రాజుగారి ఆస్థానంలో లుల్లీ అనే సంగీత విద్వాంసుడు పెద్ద కర్రతో నేల మీద కొడుతూ తాళం వేసేవాడట. 1687లో ఆ కర్ర తన పాదానికే తగిలి, పుండు పడి, అది కుళ్లి చనిపోయాడట. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "మీరు వాళ్లతో వాయించడం లేదు, వాళ్ల మీద వాయిస్తున్నారు" అన్నారు నాతో. ఆ మాట నాకు గుచ్చుకుంది.

తరువాత అసలు విషయం చెప్పారు. వీణ మీటితే పలుకుతుంది, మద్దెల కొడితే పలుకుతుంది. గాలి వాయిద్యం అలా కాదు. పలకడానికి ముందు మనిషి ఊపిరి పట్టాలి. కనుక ముందు నిలబడినవాడు దెబ్బ చూపితే చాలదు, దెబ్బకు ముందు ఊపిరి చూపాలి. చెయ్యి పైకి లేచే ఆ ఎత్తుగడలోనే పాట ఎంత వేగమో, ఎంత మెత్తనో అంతా తెలిసిపోవాలి. నాయకుడు కూడా వాళ్లతో పాటు ఊపిరి తీసుకోవాలి. ఇన్నేళ్లూ నేను చేసిందేమిటి? నా కార్నెట్టు మోత విని మిగతావాళ్లు అందుకునేవారు. అందుకే మన పాటల మొదటి మాట ఎప్పుడూ చిరిగిన గుడ్డలా ఉండేది.

యార్డులో పనిచేసిన సోదరులకు ఒక్క మాటలో చెబుతాను. పెద్ద క్రేనుతో ఇనుప దిమ్మను లేపేటప్పుడు కింద ఒక్క ఖలాసీయే చెయ్యి చూపాలి. పదిమంది పది వైపుల నుండి చేతులు ఊపితే ప్రమాదం. ఆ ఒక్కడూ బరువు కదలక ముందే సైగ చెయ్యాలి, కదిలాక కాదు. బ్యాండు నడపడం కూడా ఇంతే. అయితే క్రేను దగ్గర ఇంకో నియమం ఉంది. "ఆపు" అన్న సైగ మాత్రం ఎవరు చేసినా క్రేను ఆగాలి, ఊడ్చే మనిషి చేసినా సరే. ఈ రెండో నియమం దగ్గరికి మళ్లీ వస్తాను.

రెండో రోజూ మూడో రోజూ రాత పని. పియానో మీద సి పలకాలంటే బీ ఫ్లాట్ క్లారినెట్టు మనిషికి డి అని రాయాలి, ఈ ఫ్లాట్ ఆల్టో శాక్సఫోను మనిషికి ఏ అని రాయాలి, ట్రాంబోనుకు సి అనే రాయాలి. రాత వేరు, పలికేది ఒకటే. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి గదా. మిశ్రచాపులో ఉన్న కీర్తనను మన బ్యాండు మూడు దెబ్బల్లోకో నాలుగు దెబ్బల్లోకో సాగదీసి వాయిస్తూ వచ్చింది. నేను చేతితో చాపు వేసి చూపిస్తే మాస్టారుగారు సంతోషించి, మూడు, రెండు, రెండుగా ఏడింటినీ చేతితో ఎలా చూపవచ్చో నేర్పారు. ఆ సాయంత్రం కొందరం సెయింట్ జార్జి కోట చూడబోయాం. ఆ కోటలో కంపెనీవారి బ్యాండు వాయించే వరుసలు విని ముత్తుస్వామి దీక్షితులవారు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారని, వాటినే నొట్టుస్వరాలంటారని మాలో ఒక పంతులుగారు చెప్పారు. ఆ వాద్యం, మన తాళం కలుసుకోవడం కొత్తేమీ కాదన్నమాట.

నాలుగో రోజు శ్రుతి పాఠం. ఆ రోజు సంగతి చెప్పడానికే నేను ముఖ్యంగా ఇక్కడ నిలబడ్డాను.

1854లో క్రిమియా యుద్ధానికి పోయిన ఇంగ్లీషు సైన్యం టర్కీలోని స్కుటారిలో విక్టోరియా రాణి పుట్టినరోజు కవాతు చేసిందట. పటాలాల బ్యాండ్లన్నీ కలిసి జాతీయగీతం ఎత్తుకుంటే, ఎవరి రాత వారిది, ఎవరి శ్రుతి వారిది అయి సేనాధిపతుల ముందు తల కొట్టేసినట్లయిందట. దాని మూలంగానే 1857లో లండను దగ్గర నెల్లర్ హాల్‌లో బ్యాండు మాస్టర్లకు బడి పెట్టారంటారు. ఆ బడి 2021 దాకా ఆ భవనంలోనే నడిచింది. శ్రుతి మాత్రం వెంటనే ఒకటి కాలేదు. ఈనాడు లోకమంతా వాడే శ్రుతిలో ఏ స్వరానికి సెకనుకు 440 కంపనాలు. 1939లో లండనులో దేశాలన్నీ కూడి ఒప్పుకున్న లెక్క ఇది. కాని పాత ఇంగ్లీషు పటాలాల వాయిద్యాలు అంతకంటె పైన, సుమారు 452 కంపనాల మీద ఉండేవి. దాన్ని హై పిచ్ అంటారు. పటాలాలు 1920ల చివరలో దాన్ని వదిలిపెట్టినా, ఇంగ్లాండులో ఇత్తడి బ్యాండ్లు 1960ల దాకా వదలలేదు. హార్మోనియం తెలిసినవారికి చెప్పాలంటే, పక్కపక్కనున్న రెండు మెట్లకు దాదాపు నడిమధ్య పలుకుతుంది ఆ వాయిద్యం. కొత్తదానితో ఎన్నటికీ కలవదు.

"ఇత్తడి వాయిద్యమైతే శ్రుతి గొట్టం పొడవు చేయించి కొంత సరిచేయవచ్చు. క్లారినెట్టుకు అదీ లేదు. నోటి దగ్గరి గొట్టం లాగితే కొన్ని స్వరాలు దిగుతాయి, కొన్ని దిగవు. రంధ్రాల మధ్య దూరం మారదు గదా! వాయించేవాడు ఎంత మొనగాడైనా ఏమీ చేయలేడు. అలాంటివాటి మీద కొన్నిటికి హెచ్.పి. అని రెండు అక్షరాలు కొట్టి ఉంటాయి. మీలో ఎవరైనా చూశారా?" అని అడిగారు మాస్టారుగారు.

నేను చూశాను. అయ్యలారా, అమ్మలారా, మీలో చాలామంది కూడా చూశారు. మనందరం క్లారినెట్టు మావయ్య అని పిలిచే పెద్దాయన వాయిద్యం మీద ఆ రెండు అక్షరాలు ఉండేవి. పాత పటాలం సామాను వేలంలో వాళ్ల నాన్నగారు కొన్న క్లారినెట్టు అది. ఆ అక్షరాలు చూసి మన పిల్లలు, "మావయ్యా, నీ పీక హిందుస్తాన్ పెట్రోలియం వాళ్లు ఇచ్చారా?" అని ఎగతాళి చేసేవారు. మల్కాపురంలో హెచ్.పి. అంటే ఇంకేమి తోస్తుంది?

పాత బ్యాండులో అన్నీ పాత వాయిద్యాలే గనక ఆయన ఎన్నో ఏళ్లు హాయిగా వాయించాడు. సంఘం చందాలు వేసి కొత్త కార్నెట్లు, శాక్సఫోన్లు కొన్న తరువాతనే ఆయన ఒక్కడూ ఎక్కువ శ్రుతిలో వినబడసాగాడు. నాకు ఆ సంగతి తట్టలేదు. తొమ్మిదేళ్ల కిందట ఈస్టరు తెల్లవారుజామున, ఆరాధన అయ్యాక, అందరి ఎదుట, "మావయ్యా, నీకు చెవి పోయింది, ఇక ఇంట్లో కూర్చో" అన్నాను. ఆయన క్లారినెట్టు నా ముందుకు చాపి, "చెవి పోలేదు బాబూ, ఓపాలి దీని సంగతి చూడు" అన్నాడు. నేను చూడలేదు. ఊడ్చే మనిషి ఆపమన్నా ఆగాలని నేర్చిన ఫిట్టరును, నలభయ్యేళ్లు వాయించినవాడు ఆపమంటే ఆగలేదు.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. శిబిరం ముగిసిన మర్నాడు రైలు దిగి, ఇంటికి పోకుండా సంచీతోనే మావయ్య ఇంటికి వెళ్లాను. ఆయన ట్రంకు పెట్టెలోంచి క్లారినెట్టు తీసి గుడ్డ విప్పాడు. తొమ్మిదేళ్లూ నూనె రాస్తూనే ఉన్నాడు. నేను ఆ అక్షరాలు చూపి, తెలుసుకున్నదంతా చెప్పి, తప్పయింది మావయ్యా అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "అయితే మా నాన్న కొన్నది మంచి సరుకేనన్నమాట" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

తమ్ముడి దగ్గర అడిగి ఇప్పటి శ్రుతి క్లారినెట్టు ఒకటి తెచ్చి ఇచ్చాను. కాని ఆయనకు ఇప్పుడు డెబ్బయి ఎనిమిదేళ్లు. ముందు పళ్లు పోయాయి. పళ్లు లేనిదే క్లారినెట్టు నోట నిలవదు. రెండు స్వరాలు ఊది, నవ్వి, తిరిగి ఇచ్చేశాడు. తప్పు ఒప్పుకోవడం ఒక్క రోజు పని. పోయిన తొమ్మిదేళ్లు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు ప్రతి శనివారం సాధనకు ఆయన వచ్చి బల్ల మీద కూర్చుంటాడు. నేను కార్నెట్టు పట్టకుండా, కాలు కొట్టకుండా, చేతితోనే నడుపుతున్నాను. శ్రుతి ఎక్కడ చెడినా ఆయన చెయ్యి ఎత్తుతాడు. ఆ చెయ్యి లేస్తే నేను ఆపుతాను. మొదట్లో కుర్రాళ్లు విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్లే ఆయన వైపు చూసి మొదలుపెడుతున్నారు.

డయాసిస్‌లోని ఇతర సంఘాల బ్యాండ్లవారికి మూడు మనవులు చేసి ముగిస్తాను. మొదటిది, మీ పాత వాయిద్యాలను ఒక్కొక్కటీ పరీక్షించండి. ఈనాడు శ్రుతి చూపించే యాప్ ఫోనులోనే ఉంది. పాతవి కొత్తవాటితో కలపకండి. అలాగని పారేయకండి. నాలుగైదు ఒకే శ్రుతివి దొరికితే వాటిని విడిగా వాయించుకోవచ్చు. రెండవది, తెల్లవారుజాము చలిలో వాయిద్యం శ్రుతి దిగుతుంది, ఎండలో ఎక్కుతుంది. లోపలి గాలి వేడెక్కే కొద్దీ శబ్ద వేగం పెరగడమే దీనికి కారణం. కనుక ముందు పది నిమిషాలు ఊది వేడిచేసి, ఆ తరువాతనే శ్రుతి కలపండి, ఆ తరువాతనే మనిషిని తప్పు పట్టండి. మూడవది, ఇలాంటి శిక్షణకు నావంటి ముసలివాళ్లను కాక మన యౌవనస్థులను, ఆడపిల్లలను కూడా పంపండి. నేను అరవై దాటి నేర్చుకున్నది వాళ్లు ఇరవైలో నేర్చుకుంటే, ఏ మావయ్యనూ ఎవరూ ఇంట్లో కూర్చోబెట్టనక్కరలేదు.

 వెనక బల్ల మీద కూర్చున్న మావయ్యగారు ఇంకా చెయ్యి ఎత్తలేదు గాని, ఎత్తక ముందే సెలవు తీసుకుంటాను.